కారుచౌడు - జిప్సము: మన్ను రేణువుల మీద జరుగు మార్పిడి

"చౌడుకు జిప్సము వేసితిమి, గుణము కనబడలేదు" అను మాట చౌడు భూములున్న గ్రామములలో తరచుగా వినబడుచుండును. విచారించి చూచినచో కారణములు నాలుగైదుకు మించవు. ఒకరు ఎకరాకు నాలుగు బస్తాలు చల్లి ఊరకొనియుందురు. ఇంకొకరు జిప్సము దొరకలేదని సున్నము తెచ్చి చల్లియుందురు. రెండును తెల్లని పొడులే కదా యని వారి ఊహ. వేరొకరు తగినంత వేసి, నీరు పెట్టి, ఆ నీరు బయటికి పోవు దారి చూడలేదు. మరియొకరి పొలము అసలు కారుచౌడే కాదు, పాలచౌడు. వీరందరును చేతి డబ్బు ఖర్చు పెట్టినవారే.

ఈ పొరపాట్లకు మూలమొక్కటే. జిప్సమును యూరియా వలె ఒక ఎరువుగా భావించుట. వేరుసెనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోలు వేయునపుడు అది పైరుకు కాల్షియమును, గంధకమును అందించు ఎరువే. కాని కారుచౌడులో దాని పని వేరు. పూర్వము ఉప్పు బండి ఊరిలోనికి వచ్చినపుడు ధాన్యము కొలిచి పోసి ఉప్పు కొలిచి పుచ్చుకొనెడివారు. కారుచౌడులో జరుగునది అటువంటి మార్పిడి. ఎంత ఇచ్చిన అంతకు తగినంతే వచ్చును. ఏమి ఇచ్చుచున్నాము, ఏమి వచ్చుచున్నది, వచ్చిన దానిని ఎక్కడికి పంపవలెను అను మూడు సంగతులు తెలియుటకు కొంచెము రసాయన శాస్త్రము అవసరము. అది మన ఊరి సున్నపు బట్టీ వద్దనే నేర్చుకొనవచ్చును.

సున్నపు బట్టీ

శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు తీసికొని బట్టీలో పూర్తిగా కాల్చినచో 56 కిలోల పొడిసున్నము మిగులును. తక్కిన 44 కిలోలు ఏమైనవి? బొగ్గుపులుసు వాయువై పొగతో పాటు పోయినవి. ఆ 56 కిలోల మీద నీరు చల్లినపుడు బుసబుస పొంగి, చేయి పెట్టరానంత వేడెక్కి, 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల తడిసున్నమగును. దానిని గోడకు పూసిన తరువాత, గాలిలోని బొగ్గుపులుసు వాయువు 44 కిలోలను నెమ్మదిగా తిరిగి పీల్చుకొని, 18 కిలోల నీటిని వదలి, మరల 100 కిలోల సున్నపురాయియే యగును. వెల్ల వేసిన గోడ కొన్నాళ్ళకు గట్టిపడుట ఇందువలననే.

ఈ మూడు సరుకుల గుణములు వేరు వేరు. రాయి నోటిలో వేసికొన్నను ఏమియు చేయదు. పొడిసున్నము నాలుకను పొక్కించును. కాని మూడింటిలోను మారక నిలిచినది ఒకటి కలదు. అది 40 కిలోల కాల్షియము. కాల్షియము ఒక మూలకము. దానిని విభజించుకొని పోగా పోగా చివరకు మిగులు మిక్కిలి సూక్ష్మమైన తునుకకు పరమాణువు అని పేరు. వేరు వేరు మూలకముల పరమాణువులు నియమిత సంఖ్యలో జతపడి ఏర్పడునది సంయోగ పదార్థము. జతలు విడిపోయి క్రొత్త జతలు కూడుటయే రసాయన చర్య. అందులో పరమాణువు క్రొత్తగా పుట్టదు, ఉన్నది నశించదు. బట్టీలో 100 కిలోల లెక్క ఎట్లు సరిపోయినదో చౌడు పొలములోను అట్లే సరిపోవలెను. అందుచేతనే జిప్సము మోతాదు కంటి అంచనాతో తేలునది కాదు, లెక్కగట్టవలసినది.

ఉప్పులో ఉన్న సోడియము

1807లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుడు విద్యుత్తు సహాయముతో సోడియమును మొదటిసారి వేరుచేసెను. మరుసటి సంవత్సరము కాల్షియమును తీసెను. సోడియము కత్తితో కోయదగినంత మెత్తని లోహము. నీటిలో వేసినచో చిటపటలాడుచు మండిపోవును. అందుచే కిరోసిను వంటి నూనెలో మునిగియుండునట్లు దాచుదురు. క్లోరిను విషవాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మను సైన్యము దానిని శత్రువుల కందకముల మీదికి వదలినది. ఈ రెండును కలసినదే మనము పచ్చడిలో వేసికొను ఉప్పు!

ఇదెట్లు సాధ్యము? సోడియము పరమాణువులో 11 ఎలక్ట్రానులు, క్లోరిను పరమాణువులో 17 ఉండును. రెండును కలసినపుడు సోడియము తన ఎలక్ట్రాను ఒకటి క్లోరినుకు ఇచ్చివేయును. ఎలక్ట్రాను ఋణ విద్యుత్తు గలది గనుక, దానిని పోగొట్టుకొన్న సోడియము మీద ఒక ధన ఆవేశము, పుచ్చుకొన్న క్లోరిను మీద ఒక ఋణ ఆవేశము నిలుచును. ఇట్లు ఆవేశము పొందిన పరమాణువునకు అయాను అని పేరు. అయాను అయిన పిమ్మట సోడియము మండు లోహము కాదు, క్లోరిను విషవాయువు కాదు. ఉప్పును నీటిలో వేయగా ఈ అయానులు విడివడి నీటిలో తిరుగుచుండును. కాల్షియము ఎలక్ట్రానులు రెండింటిని వదలును గనుక దాని అయానుకు రెండు ధన ఆవేశములుండును. చౌడు కథ అంతయు ఈ ఒకటికి, రెండింటికి గల తేడాలోనే ఉన్నది.

ఆవేశములు కొన్నిసార్లు ఒక గుంపుగా చేరిన పరమాణువుల మీదను నిలుచును. సల్ఫేటు, కార్బనేటు, అమ్మోనియము అటువంటి గుంపులు. జిప్సము అనగా కాల్షియము, సల్ఫేటు, వాటితో పాటు బిగిసియున్న కొంత నీరు. పరమాణువుల భారము ప్రకారము చూచినచో 172 కిలోల శుద్ధమైన జిప్సములో కాల్షియము 40 కిలోలు, గంధకము 32 కిలోలు, నీరు 36 కిలోలు. మిగిలినది సల్ఫేటులోని ఆమ్లజని.

బంకమన్ను రేణువు, దాని గుంజలు

బంకమన్ను రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కంటె చిన్నది. దాని పైభాగమున ఋణ ఆవేశములుండును. వీనిని పశువుల పాకలోని గుంజలనుకొనుడు. ధన ఆవేశము గల అయానులు ఈ గుంజలకు కట్టిన పశువులు. సోడియము అయాను ఒక్కొక్కటి ఒక్క గుంజకు, కాల్షియము అయాను ఒక్కొక్కటి రెండు గుంజలకు కట్టుబడియుండును. మంచి నేలలో అధిక భాగము కాల్షియము, కొంత మెగ్నీషియము ఉండి, సోడియము కొద్దిగా మాత్రమే ఉండును. సోడియము వాటా నూటికి 15 మించినచో ఆ నేలను కారుచౌడుగా లెక్కింతురు.

సోడియము తన చుట్టు నీటిని కప్పుకొని, రేణువునకు వదులుగా అంటియుండును. అందుచే తడి తగిలినంతనే రేణువులు ఒకదానినొకటి త్రోసికొని విడిపోవును. విడిపోయిన సన్నని మన్ను నేల రంధ్రములలో దిగి వాటిని పూడ్చివేయును. నీరు క్రిందికి దిగదు, గాలి ఆడదు. తడిసిన జిగట, ఎండిన పెచ్చు. నాగలికి బెడ్డలు లేచును గాని చిట్లవు. కాల్షియము అట్లు కాదు. రెండు ఆవేశములతో బిగువుగా పట్టుకొనుటచే రేణువులు దగ్గరకు చేరి రవ్వగట్టి, నేల గుల్లబారును.

బురద నీటిలో పటిక త్రిప్పినచో మన్ను అడుగునకు దిగి నీరు తేరుట ఎల్లరు ఎరిగినదే. పటికలోని అల్యూమినియము అయానుకు మూడు ధన ఆవేశములుండుట దానికొక ముఖ్య కారణము. ఇదే సంగతిని జిప్సముతో పొలము గట్టుననే చూడవచ్చును. రెండు గాజు సీసాలలో చారెడేసి కారుచౌడు మన్ను వేసి, వాన నీరు నింపి, ఒకదానిలో మాత్రము చెంచాడు జిప్సము పొడి కలిపి, రెండింటిని బాగుగా కుదిపి పెట్టుడు. మరునాటికి జిప్సము వేసిన సీసాలో నీరు తేరుకొనును. రెండవది బురదగానే ఉండును. ఈ పరీక్ష మోతాదు చెప్పదు. జిప్సము ఏమి చేయునో మాత్రము చూపును.

గుంజల మీద ఈ మార్పిడి సంగతి 1850లో ఇంగ్లండులో మొదట అచ్చయినది. యార్కుషైరులో భూములు గల హెచ్. ఎస్. థాంప్సన్ అనునతడు మట్టి గుండా అమ్మోనియం సల్ఫేటు ద్రావణము పోయగా, అమ్మోనియము మట్టిలో నిలిచిపోయి, అడుగు నుండి జిప్సము కరగిన నీరు దిగినది. అదే సంవత్సరము అక్కడి రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ రసాయనజ్ఞుడు జె. థామస్ వే అనేక ప్రయోగములతో దీనిని ధ్రువపరచెను. ఒక భూస్వామి, ఒక రసాయనజ్ఞుడు కలసి తేల్చిన విషయమిది. వ్యవసాయ శాస్త్రములో ఇట్టి జోడు తరచుగా దొరకదు.

మనము చేయవలసినదియు ఇదే పద్ధతి. నీటిలో కరగిన జిప్సము నుండి ఒక కాల్షియము అయాను వచ్చి రెండు గుంజలను ఆక్రమించును. రెండు సోడియములు విడుదలై నీటిలోని సల్ఫేటుతో చేరి సోడియం సల్ఫేటుగా మారును. ఇంకొక చర్యయు జరుగును. కారుచౌడులో బట్టల సోడా, అనగా సోడియం కార్బనేటు, ఉండును. పూర్వము చౌడుమన్నుతో బట్టలు ఉతుకుటకు కారణమిదే. జిప్సములోని కాల్షియము ఈ కార్బనేటుతో కలసి కరగని సున్నపుపొడిగా అడుగున చేరును. సోడా పోవుటతో నేల ఉదజని సూచిక దిగును. ఈ సూచికలో ఒక్కొక్క అంకెకు క్షారము పది రెట్లు పెరుగును. సూచిక 8 ఉన్న నేల కంటె 10 ఉన్న నేల నూరు రెట్లు క్షారమైనదన్నమాట.

సున్నము ఎందుకు పనికిరాదు?

సున్నములోను కాల్షియమున్నది కదా అని అడుగుట సహజము. ఉన్నది, కాని బయటికి రాదు. లీటరు నీటిలో జిప్సము సుమారు రెండున్నర గ్రాములు కరగును. సున్నపురాయి పొడి ఒక గ్రాములో వందవ వంతుకు కొంచెము పైన మాత్రమే కరగును. క్షారపు నేలలో అదియు కరగదు. కరగనిది అయాను కాలేదు, అయాను కానిది గుంజను పట్టుకొనలేదు. తడిసున్నము కొంత కరగును గాని అది స్వయముగా క్షారము. నేల సూచికను దింపుటకు బదులు ఇంకను ఎక్కించును. సున్నము పుల్లని నేలలకు మందు. కారుచౌడుకు వేయుట జ్వరముతో ఉన్నవానికి దుప్పటి కప్పి ఎండలో కూర్చుండబెట్టుట వంటిది.

కారుచౌడు నేలలు కొన్నింటిలో అడుగున సున్నపు గులకలు కావలసినన్ని కనబడుచుండును. పెట్టెలో డబ్బుండి తాళపుచెవి లేనట్లు ఆ కాల్షియము బంధింపబడియున్నది. జీలుగను పెంచి పూత దశలో దమ్ములో కలిపినపుడు, అది కుళ్ళుచు బొగ్గుపులుసు వాయువును వదలును. ఆ వాయువు కలసిన నీటిలో సున్నపురాయి కొంతవరకు కరగును. వరి వేళ్ళు కూడ ఈ పని చేయును. గంధకము పొడి వేసినచో నేలలోని సూక్ష్మజీవులు దానిని గంధకామ్లముగా మార్చును. ఆ ఆమ్లము గులకలతో కలసి పొలములోనే జిప్సము తయారగును. జీలుగ మంచిదే గాని, బాగుగా ముదిరిన కారుచౌడులో జీలుగయే మొలవదు. అచ్చట ముందు జిప్సము, తరువాతనే జీలుగ.

ఎకరాకు ఎంత?

ఎకరములో 15 సెంటీమీటర్ల లోతు వరకు గల మట్టి బరువు సుమారు 9 లక్షల 10 వేల కిలోలు. ప్రయోగశాల పరీక్షలో కిలో మట్టి నుండి 0.7 గ్రాము సోడియము తొలగింపవలెనని తేలినదనుకొందము. అనగా ఎకరాకు సుమారు 640 కిలోల సోడియము. ఒక జిప్సము రెండు సోడియములను తొలగించును; భారములో చెప్పవలెనన్న 46 కిలోల సోడియమునకు 172 కిలోల జిప్సము. ఈ లెక్కన 640 కిలోలకు సుమారు 2,400 కిలోల శుద్ధమైన జిప్సము కావలెను. తెచ్చిన సరుకు శుద్ధత నూటికి 80 పాళ్ళయినచో 3,000 కిలోలు. వేరుసెనగ మోతాదు 200 కిలోలు శుద్ధమైనదే వేసినను, తొలగునది 53 కిలోలు, పన్నెండవ వంతు. "గుణము కనబడలేదు" అనుటకు అసలు కారణము ఇది. అందరి పొలమునకు ఈ అంకెలే వర్తించునని తలపరాదు. భూసార పరీక్షా కేంద్రము ఆ పొలమునకిచ్చిన మోతాదే వేయవలెను. ఒకేసారి ఖర్చు భరింపలేనివారు అయిదెకరములలో తలా కొంచెము చల్లుట కంటె, ఒక ఎకరమునకు పూర్తిగా వేసి, మరుసటి యేడు రెండవ ఎకరమునకు పోవుట లాభకరము.

నీటి లెక్కయు ఇట్లే. లీటరుకు రెండున్నర గ్రాముల చొప్పున 2,400 కిలోలు కరగుటకు తొమ్మిదిన్నర లక్షల లీటర్ల నీరు కావలెను. అది ఎకరము నిండ దాదాపు 24 సెంటీమీటర్ల ఎత్తు నీరు. కరగిన కాల్షియమును మన్ను రేణువులు వెంటవెంటనే లాగికొనుచుండుటచే పొలములో కొంత సులభముగా కరగుమాట నిజమే. అయినను ఒక్క తడితో పని తీరదు. భూమిని చదును చేసి, చిన్న మడులుగా గట్లు వేసి, జిప్సమును పై నాలుగంగుళములలోనే కలియబెట్టి, నీరు నిలువగట్టవలెను. లోతు దుక్కి దున్ని కలిపినచో మందు పలుచబడిపోవును.

తరువాతి సంగతి మురుగునీరు. పై లెక్కలో 640 కిలోల సోడియము విడుదలయినపుడు ఏర్పడు సోడియం సల్ఫేటు ఎకరాకు దాదాపు రెండు టన్నులు. ఇది నీటిలో సులభముగా కరగునది. మట్టి గుండా క్రిందికి దిగి మురుగు కాలువలో పడి పోవలెను. పోనిచో, వేసవిలో తడి పైకెక్కినపుడు దానితో కూడ పైకి వచ్చి మరల గుంజలను ఆక్రమించును. ఇక్కడ గ్రామాధికారుల సహాయము లేక రైతు ఒక్కడే చేయగలిగినది స్వల్పము. తన మడి నీరు పొరుగువాని మడిలోనికి వదలిన తగాదా తప్పదు, తగాదాలో న్యాయము పొరుగువానిదే. ఊరి మురుగు కాలువ పూడిక తీయకుండ చౌడు బాగుచేయు పథకములు వేయుట ఖర్చు దండుగ.

పాలచౌడు మాట

పాలచౌడులో సోడియము ఎక్కువగా గుంజల మీద కాక మట్టి నీటిలో ఉప్పుగా కరగియుండును. ఎండకాలములో తెల్లని పొరగా పైకి తేలును. ఉదజని సూచిక 8.5 లోపుననే ఉండును. దీనికి మంచినీరు, మురుగు కాలువ చాలును. సాధారణముగా జిప్సము అనవసరము. కారుచౌడు పైన నిలిచిన నీరు మాత్రము డికాక్షను రంగులో ఉండును. సోడాలో నేలలోని కుళ్ళిన సేంద్రియ పదార్థము కరగుటచే ఆ నలుపు వచ్చును.

కాని పాలచౌడు కూడ ఒక్కొక్కప్పుడు కారుచౌడుగా మారును. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండగా, సోడియము పది గ్రాములకు పైన, కాల్షియము అర గ్రాము లోపున ఉండును. 1977 నవంబరు 19న మన దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినట్లే, 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున హాలండులో కట్టలు తెగి సముద్రము పొలముల మీదికి వచ్చినది. ఉప్పు వానకు కొట్టుకొనిపోయిన తరువాత గుంజల మీది సోడియము మిగిలి నేల బిగుసుకొనిపోవునని ఎరిగిన అక్కడి రైతులు జిప్సము వేసిరి. ఉప్పు దండిగా ఉన్నంత కాలము రేణువులు కలసియే ఉండును. ఉప్పు కడిగిన పిమ్మట అసలు గుణము బయటపడును. కావున ఉప్పునీరు ముంచిన పొలమును కడిగిన తరువాత మరల ఒకసారి పరీక్ష చేయించవలెను.

పైరు పెట్టునపుడు

జిప్సము వేసిన మొదటి సంవత్సరము వరియే మేలు. చౌడుకు ఓర్చు రకము ఎంచుకొని, ముదురు నారు, కుదురుకు నాలుగు మొక్కలు నాటవలెను. యూరియాను నిలువ నీటి మీద చల్లరాదు. యూరియా నేలలో అమ్మోనియము అయానుగా మారును. క్షారము తగిలినపుడు ఆ అయాను అమ్మోనియా వాయువై గాలిలో కలియును. పశువుల కొట్టములో ముక్కు అదరగొట్టు ఘాటు ఆ వాయువుదే. కావున నీరు తీసి, బురద పదునున, దఫదఫాలుగా వేయవలెను. ఇట్టి నేలలలో జింకు లోపము సాధారణము. జింక్ సల్ఫేటు వేయునపుడు సూపరుతో గాని, డి.ఎ.పి.తో గాని కలిపి చల్లరాదు. జింకు, ఫాస్ఫేటు చేరి కరగని పదార్థమగును.

బోరు నీటితో సేద్యము చేయువారు ఆ నీటిని కూడ పరీక్షింపజేయవలెను. నీటిలో కాల్షియము, మెగ్నీషియముల కంటె కార్బనేటు, బైకార్బనేటులు ఎక్కువయి, ఆ మిగులు లీటరుకు రెండున్నర మిల్లీ తుల్యములు మించినచో, జిప్సముతో బాగుపడిన నేలను ఆ నీరే మరల చౌడుగా చేయును. నమూనా సీసాను ఆ నీటితోనే రెండు మూడు మారులు తొలిచి, అంచువరకు నింపి, గాలి నిలువకుండ మూత బిగించి, ఆనాడే పంపుట మంచిది. ఆలస్యమైనచో బొగ్గుపులుసు వాయువు తప్పించుకొని, కొంత కాల్షియము సీసా అడుగుననే సున్నముగా పేరుకొనును. అప్పుడు నివేదికలో వచ్చు అంకె బోరులోని నీటిది కాదు.